సిగ్నల్ పోతే ఎవరి కూలి పోవాలె?

ఎండకాలం, పొద్దుగాల ఏడున్నర. మా ఊరి చెరువుల పూడిక తీస్తున్నరు. నలభై మంది దాకా గడ్డపారలు, తట్టలు పక్కకు వెట్టి ఒక్కకాడ గుంపుగ నిలవడ్డరు. మేట్ వదిన ఫోన్ వట్టుకొని హాజరు ఫొటో తీసింది. ఫొటో అయితే తీసింది గని అది పోతలేదు. తెర మీద చక్రం తిరుగుడే తిరుగుడు. వదిన కట్ట ఎక్కింది. కట్ట మీదికెల్లి తూము దాకా నడిచింది. ఆడ రాయెక్కి ఫోన్ పైకి లేపింది. ఇరవై నిమిషాలైనంక "పోయింది" అని కేకేసింది. కింద ఉన్నోళ్లంత ఊపిరి పీల్చుకున్నరు. వాళ్లల్ల మా అమ్మ కూడ ఉన్నది.

తొవ్వల ఇంటికొస్తుంటే అమ్మ నన్ను ఒక మాట అడిగింది: "ఫొటో పోకపోతే, నేను తీసిన మన్ను మళ్ల చెరువుల వడ్తదా?"

నేను పాలిటెక్నిక్‌ల కంప్యూటర్లు చదివిన. నెట్‌వర్కుల పరీక్ష పాసైన. అయినా ఆ ప్రశ్నకు నోరు మెదపలేదు. ఇది రాసుడు ఆ ప్రశ్న కోసమే.

మన దిక్కు "పోయింది" అనే మాటకు రెండు అర్థాలు. ఫొటో పోయింది అంటే చేరింది. కూలి పోయింది అంటే మునిగింది. ఈ రెండిటి నడుమ ఉన్నది ఒక్క సిగ్నల్. ఇయ్యాల మన హాజరు, మన రేషన్ బియ్యం, మన ఫోన్‌ల పైసలు, రైలెక్కితే మన పానం కూడ గా సిగ్నల్ మీదనే ఆధారపడి ఉన్నయి. అందుకే ఇది సాఫ్ట్‌వేరోళ్ల ముచ్చట, మనకెందుకు అని వదిలేసేది కాదు.

ముందే చెప్తున్న. ఎన్ని కోట్లు వెట్టినా, ఎంత పెద్ద ఇంజినీర్లున్నా, ఎన్నడూ ఆగని నెట్‌వర్క్ భూమ్మీద లేదు. కాబట్టి మనం అడగాల్సింది "నెట్‌వర్క్ ఆగుతదా?" అని కాదు. "ఆగిన రోజు నష్టం ఎవరి నెత్తిన వడ్తది?" అని.

స్పీడ్ వేరు, టైంకు వచ్చుడు వేరు

4జీ, 5జీ అని ప్రకటనలల్ల ఊదరగొట్టేది స్పీడ్ గురించి. స్పీడ్ అంటే బస్సు ఎంత పెద్దది, ఎంతమంది పడ్తరు అనే లెక్క. గని తొమ్మిది గంటలకు పరీక్ష ఉన్న పిల్లకు బస్సు పెద్దదా చిన్నదా అని కాదు, ఎనిమిదింటికి వస్తదా రాదా అనేదే లెక్క. పదింటికి ఏసీ బస్సు వచ్చినా దండుగే.

రియల్ టైం నెట్‌వర్క్ అంటే అదే. సందేశం చేరుడు ఒక్కటే సరిపోదు, గడువులోపల చేరాలె. గడువు దాటినంక వచ్చిన సందేశం రానట్టే లెక్క.

ఆ గడువు పనిని బట్టి మారుతది. ఫోన్‌ల సినిమా చూస్తుంటే కొంత ముందుగాలనే నింపి పెట్టుకుంటది, నడుమ నెట్ కొంచెం ఆగినా మనకు తెల్వదు. ఫోన్‌ల మాట్లాడేటప్పుడు అట్ల నింపి పెట్టుకునే వీలు లేదు. మాట ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు 150 మిల్లీసెకండ్లలోపు చేరితేనే ముచ్చట సాఫీగ నడుస్తదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ చెప్తది. అంటే సెకండుల ఏడో వంతు. ఇగ రైలు సంగతి. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు ఒక్క సెకండుల 36 మీటర్లు ఉరుకుతది. సందేశం రెండు సెకండ్లు ఆలస్యమైతే 72 మీటర్లు.

మరి ఆలస్యం ఎందుకైతది? దూరం వల్ల అనుకుంటరు చానమంది. కాదు. ఫైబర్ తీగల వెలుగు సెకండుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి 1,500 కిలోమీటర్లు అనుకున్నా 8 మిల్లీసెకండ్లలోపే చేరుతది. ఆలస్యం ఎక్కువగ అయ్యేది క్యూలల్లనే.

పాత ల్యాండ్‌లైన్ ఫోన్ కలిస్తే, మాట్లాడినంత సేపు ఆ లైన్‌ల మనకు జాగ ఖాయం. ఇంటర్నెట్ అట్ల కాదు. మన ఫొటోను చిన్న చిన్న ముక్కలు చేస్తది. వాటినే ప్యాకెట్లు అంటరు. ఒక్కో ప్యాకెట్ ఒక్కో జంక్షన్ కాడ లైన్‌ల నిలవడాలె. లైన్ నిండితే జంక్షన్‌ల ఉన్న మిషిన్ ప్యాకెట్‌ను పారేస్తది. అది తప్పు చేసుడు కాదు, దాని పద్ధతే అంత. "చేతనైనంత చేస్త, మాట మాత్రం ఇయ్య" అనేదే ఇంటర్నెట్ మూల సూత్రం. దాంతోనే అది చవకగ ప్రపంచమంత పాకింది. గని మాట ఇయ్యని దాని మీద మాట తప్పొద్దన్న పనులు పెడ్తున్నం. అసలు చిక్కు ఆడనే ఉన్నది.

మళ్ల మళ్ల నొక్కుడు

దుకాణం కాడ పైసలు పోకపోతే మనమేం చేస్తం? మళ్ల నొక్కుతం. ఇంకోసారి నొక్కుతం. అందరం గదే చేస్తే ఏమైతది?

1986 అక్టోబర్‌ల అమెరికాల ఇదే జరిగింది. కాలిఫోర్నియాల లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్, బర్క్‌లీ యూనివర్సిటీ అని రెండు జాగలు. నడుమ దూరం 400 గజాలు, మన ఊర్ల బడికీ పంచాయతీ ఆఫీసుకూ ఉన్నంత. ఆ నడుమ నెట్‌వర్క్ సెకండుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. తీగ తెగలేదు, మిషిన్ కాలలేదు. రద్దీ పెరిగి ప్యాకెట్లు పోతుంటే, ప్రతి కంప్యూటర్ "చేరలేదు" అని మళ్ల పంపవట్టింది. మళ్ల పంపిందాంతోని రద్దీ ఇంకింత పెరిగింది. వాన్ జాకబ్సన్ అనే శాస్త్రవేత్త, తోటోళ్లతోని కలిసి దానికి మందు కనిపెట్టిండు. 1988ల దాని మీద పేపర్ రాసిండు. ఆ మందు వింటే మన పెద్దోళ్ల మాట లెక్కనే ఉంటది: తొవ్వ ఇరుకైతే అందరు జర వెనుకకు తగ్గుండ్రి, సందు దొరికిన కొద్ది మెల్లగ ముందుకు రాండ్రి. ఇయ్యాలటికీ మన ఫోన్లల్ల నడిచేది ఆ ఆలోచనే.

పాత ముచ్చట అనుకుంటున్నరా? 2025 ఏప్రిల్ 12న మన దేశంల యూపీఐ గంటలకొద్ది తడబడ్డది. ఎన్‌పీసీఐ ఆరా తీస్తే తేలిందేంది? కొన్ని బ్యాంకుల దిక్కు నుంచి "గా లావాదేవీ ఏమైంది?" అని అడిగే ప్రశ్నలు వరదలెక్క వచ్చి పడ్డయట. పైసలు పంపుడు కన్న, పైసలు పోయినయా అని అడుగుడే బరువైంది. 39 ఏండ్ల తర్వాత కూడ అదే జబ్బు. ఎందుకంటే ఇది తీగల జబ్బు కాదు, గుంపు జబ్బు. ఒక్కొక్కరు చేసింది సబబే, అందరు కలిసి చేస్తే కొంప మునుగుతది.

ఒక్కటే తొవ్వ ఉన్న ఊరు

వానకాలం వాగు వొస్తే తొవ్వ బందయ్యే ఊర్లు మనకు తెల్వనియా? ఇంకో దిక్కు నుంచి రెండో తొవ్వ ఉంటే ఆ ఊరు బతుకుతది. నెట్‌వర్క్ కూడ అంతే.

ఊరూరికి ఫైబర్ ఇయ్యాలని కేంద్ర క్యాబినెట్ 2011 అక్టోబర్‌ల ఒప్పుకున్నది. తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు వెట్టిండ్రు. మొదట్ల చానకాడ మండలం నుంచి ఊరికి ఒక్కటే లైన్ గుంజిండ్రు. ఆ లైన్ యాడ తెగినా ఆ కొసకున్న పంచాయతీ చీకటే. 2023 ఆగస్టుల 1.39 లక్షల కోట్ల రూపాయలతోని ఈ పథకాన్ని మార్చినప్పుడు, ఒంటి లైన్ వద్దు, చుట్టు తిరిగొచ్చే రింగు కావాలె అన్నరు. రింగుల ఒక దిక్కు తెగితే ఇంకో దిక్కు నుంచి సమాచారం వస్తది. మంచి మాటనే. గని మొదటి అనుమతికీ ఈ బుద్ధికీ నడుమ దాదాపు పన్నెండేండ్లు పోయినయి.

తెగుడు మామూలు ముచ్చట కాదు. రోడ్డు కోసమని, పైపు కోసమని జేసీబీ తవ్వుడు, కింద ఫైబర్ తెగుడు. దేశంల ఏడాదికి దాదాపు 10 లక్షల సార్లు ఫైబర్ తెగుతున్నదని, దాంతోని 3,000 కోట్ల దాకా నష్టమని ప్రభుత్వమే చెప్పింది. తవ్వే ముందు కింద ఏమున్నదో అడుగుండ్రి అని 2023 మార్చిల ఒక యాప్ కూడ తెచ్చిండ్రు. తెలంగాణల మిషన్ భగీరథ పైపుల కందకంలనే టీ-ఫైబర్ గొట్టం కూడ వేసిండ్రు. తవ్వుడు ఖర్చు మిగిలింది, తెలివైన పనే. కాకపోతే నీళ్ల పైపు పగిలి బాగు చేసేటప్పుడు పక్కనే ఉన్న ఫైబర్‌ను కూడ కాపాడుకోవాలె. ఒక్క కందకంల రెండు వేస్తే, ప్రమాదం కూడ రెండిటికీ ఒక్కటే.

రెండో తొవ్వ ఉన్నదనుకునుడు కూడ ఒక్కోసారి భ్రమే. 2022 జులై 8న కెనడాల రోజర్స్ అనే పెద్ద కంపెనీ నెట్‌వర్క్ మొత్తం కూలింది. ఒక మార్పు చేసేటప్పుడు జరిగిన తప్పు అది. కోటి ఇరవై లక్షల మందికి పైగా వినియోగదారులకు సెల్ ఫోన్ లేదు, ఇంట్ల ఇంటర్నెట్ లేదు. చానమందికి ఆపదల పిలిచే 911 కూడ కలవలేదు. దుకాణాలల్ల డెబిట్ కార్డు నడవలేదు. సెల్లు వేరు, ఇంటి ఇంటర్నెట్ వేరు అనుకున్నరు గని లోపల గుండెకాయ రెండిటికీ ఒక్కటే. ఇంకో చిత్రం: దాన్ని బాగు చేసే ఇంజినీర్ల ఫోన్లు కూడ అదే నెట్‌వర్క్ మీద ఉన్నయి. ఒకరినొకరు పిలుచుకోనీకె దిక్కులేకుంట పోయింది.

అంత సంపన్న దేశంలనే గట్లయింది. మా చెరువు కట్ట కాడ సిగ్నల్ పోతే ఆశ్చర్యమేమున్నది?

రైలోళ్లు ఏం చేసిండ్రు?

ఇప్పుడు మన గడ్డ మీది ముచ్చట చెప్త. రైళ్లు గుద్దుకోకుంట ఆపే "కవచ్" పద్ధతి పేరు మీరు వినే ఉంటరు. దాని పరీక్షలు ఎక్కువగ జరిగింది మన దక్షిణ మధ్య రైల్వేలనే, లింగంపల్లి–వికారాబాద్ దిక్కు. దాన్ని తయారు చేసిన మొదటి మూడు కంపెనీలు, మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, హైదరాబాద్‌వే. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిద్ద స్టేషన్ల నడుమ ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లు ఎదురెదురు నడిపిండ్రు. ఒకదాంట్ల రైల్వే మంత్రి, ఇంకోదాంట్ల రైల్వే బోర్డు చైర్మన్. ముందున్న ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంల కవచ్ తనంతట తనే బ్రేక్ వేసింది.

అది పని చేసే తీరు సూటిగ చెప్త. పట్టాల నడుమ చిన్న చిన్న ట్యాగులుంటయి. ఇంజిన్ వాటి మీదికెల్లి పోతుంటే తను యాడ ఉన్నదో తెలుస్తది. ఆ సంగతి రేడియోల స్టేషన్‌కు చెప్తది. స్టేషన్ సిగ్నల్ ఏమున్నదో, ఎంత దూరం పోవచ్చో ఇంజిన్‌కు చెప్తది. డ్రైవర్ చూడకపోయినా, ఆపకపోయినా ఇంజిన్ ఆగుతది. పదివేల ఏండ్లకు ఒక్క తప్పు అనేంత గట్టి ప్రమాణంతోని దీన్ని కట్టిండ్రని రైల్వే చెప్తది.

అయితే కవచ్ రేడియో ఎన్నడూ ఆగదని ఆ ఇంజినీర్లు అనుకోలేదు. ఆగుతదనే అనుకొని కట్టిండ్రు. సమాచారం రాకపోతే "ఏం కాదులే, అంత మంచిగనే ఉన్నట్టున్నది" అని రైలు ఉరకదు. రాని సమాచారాన్ని ప్రమాదం కింద లెక్క వేసుకుంటది. పోవచ్చన్న అనుమతి ఒడిసినంక బ్రేక్ వడ్తది. మహా అయితే రైలు ఆలస్యమైతది, మనిషి పానం మాత్రం పోవద్దు.

ఈ బుద్ధి కంప్యూటర్ల కాలంల పుట్టింది కాదు. చిన్న స్టేషన్లల్ల పాత చెయ్యి సిగ్నళ్లు చూసే ఉంటరు. కేబిన్ నుంచి తీగ గుంజితే చెయ్యి కిందికి వాలి "పో" అంటది. ఆ తీగ తెగితే ఏమైతది? బరువు కట్టి ఉంటది కాబట్టి చెయ్యి తనంతట తనే అడ్డంగ లేచి "ఆగు" అంటది. వందేండ్ల కిందటోళ్లు తీగ తెగదని నమ్మలేదు. తెగిన దినం మనిషి బతకాలని చూసిండ్రు. నా లెక్కల నమ్మకమైన నెట్‌వర్క్ అంటే అర్థం ఇదే. ఆగకపోవుడు కాదు, ఆగినప్పుడు ఎవరి దిక్కు ఒరుగుతది అనేది.

కవచ్‌ను పొగిడి వదిలేస్తలేను. 68 వేల కిలోమీటర్లకు పైబడిన రైలు దారుల ఏండ్లకేండ్లు అది ఉన్నది మన దక్షిణ మధ్య రైల్వేల 1,465 కిలోమీటర్లల్లనే. 2023 జూన్ 2న బాలాసోర్‌ల 290 మందికి పైగా సచ్చిపోయిండ్రు. ఆ దారిల కవచ్ లేదు. ఆడ తప్పు సిగ్నల్ వైరింగ్‌ల జరిగింది కాబట్టి కవచ్ ఉంటే ఆగునా లేదా అని వాదం నడిచింది. గని అదే ఏడాది అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి కాడ ఒక ప్యాసింజర్ వెనుక ఇంకో ప్యాసింజర్ గుద్దింది. కవచ్ లాంటిది ఆపాల్సిన తీరు ప్రమాదమే అది. ఆడ కూడ కవచ్ లేదు. కొత్త రకం, కవచ్ 4.0కు 2024 జులైల అనుమతి వచ్చింది, ఇప్పుడు పెద్ద దారులల్ల వేస్తున్నరు. బుద్ధి మంచిదైతే సరిపోదు, అది మన ఊరి దాకా రావాలె.

మరి కూలోళ్ల కాడ?

ఇప్పుడు చెరువు కట్ట కాడికి మళ్ల వద్దాం. ఉపాధి పనిల ఫోన్ హాజరు 2021 మేల మొదలైంది. 2023 జనవరి 1 నుంచి, సొంత లబ్ధిదారుల పనులు తప్ప మిగిలిన అన్ని పనులకు తప్పనిసరి చేసిండ్రు. రోజుకు రెండు ఫొటోలు, టైంతోని, జాగతోని. సిగ్నల్ లేకుంటే ఫొటో తీసిపెట్టి తర్వాత ఎక్కించే వీలు ఇచ్చిండ్రు. ఏ తీరుగ కూడ ఎక్కకపోతే కాగితం హాజరును ఒప్పుకునే అధికారం జిల్లా స్థాయిల వెట్టిండ్రు.

కాగితం మీద తొవ్వ ఉన్నది, కాదంటలేను. గని జర ఆలోచించుండ్రి. సమాచారం రాకపోతే ఈ పద్ధతి ఏమనుకుంటది? "పని జరగలేదు" అనుకుంటది. పని జరిగిందని నిరూపించే బరువు కూలి మనిషి మీద వడ్తది. నలభై డిగ్రీల ఎండల తట్ట మోసిన ఆడమనిషి, మండలం దాటి జిల్లా దాకా పోయి "నేను తవ్విన" అని చెప్పుకోవాలె. దానికి బస్సు కిరాయి ఎంత, పోయే కూలి ఎంత? ఇవే బాధలు చెప్పుకుంట 2023ల దేశంల చాన రాష్ట్రాల ఉపాధి కూలోళ్లు ఢిల్లీ జంతర్ మంతర్ కాడ వంద రోజుల ధర్నాకు కూసున్నరు.

రైలు కాడ సిగ్నల్ పోతే, నష్టం వెయ్యి మందికి పది నిమిషాల లెక్క పంచుకుంటరు. కూలి కాడ సిగ్నల్ పోతే, నష్టమంతా ఒక్క మనిషి ఒక దినం కూలి మీద వడ్తది. రెండు కాడల తెగేది సిగ్నలే. ఒక కాడ మనిషి దిక్కు ఒరగాలని కట్టిండ్రు, ఇంకో కాడ లెక్క దిక్కు ఒరగాలని కట్టిండ్రు. ఇది ఇంజినీర్లకు చేతగాక జరిగింది కాదు. ఎవరి టైం, ఎవరి పైసలు విలువైనవని అనుకున్నరో దాన్నిబట్టి జరిగింది.

"మరి దొంగ మస్టర్లు ఎట్ల ఆపాలె?" అని అడుగుతరు. సబబైన ప్రశ్నే. పని చెయ్యనోళ్ల పేర్లు రాసి పైసలు ఎత్తుకున్న ముచ్చట్లు మనకు తెల్వనియి కావు. గని ఫోన్ ఫొటో దాన్ని ఆపిందా? పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకే మళ్ల ఫొటో తీసినయి ఎక్కిస్తున్నరని 2025 జులైల కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. అంటే దొంగకు తొవ్వ దొరికింది, సిగ్నల్ లేని నిజం మనిషికే దొరకలేదు. పథకాల పేర్లు మారుతయి, చట్టాలు మారుతయి. ఫోన్‌తోని లెక్క తీసుకునుడు మాత్రం పెరిగేదే గని తగ్గేది కాదు. కాబట్టి ఇప్పుడే తేల్చుకోవాలె.

మనం అడగాల్సినవి

తమ్మీ, చెల్లె, మీ చేతుల ఫోన్ ఉన్నది, గ్రామసభల మాట్లాడే హక్కున్నది. ఈసారి కొత్త యాప్ వచ్చిందని చెప్తే చప్పట్లు కొట్టే ముందు నాలుగు ముచ్చట్లు అడుగుండ్రి.

ఒకటి, సిగ్నల్ పోయిన దినం ఏం రాసుకుంటరు? హాజరు లేనట్టా, ఉన్నట్టా? సమాచారం రాకపోతే మనిషి పని చేసినట్టే లెక్క వేసి, అనుమానముంటే సర్కారే నిరూపించాలె. రైలు సూత్రం అదే గదా.

రెండు, కాగితం మస్టర్‌ను ఊర్లనే, మేట్, పంచాయతీ కార్యదర్శి సంతకంతోని ఒప్పుకుంటరా? జిల్లా దాకా ఉరకాల్సిన తొవ్వ తొవ్వ కాదు.

మూడు, మన పంచాయతీకి వచ్చే ఫైబర్ ఒక్క దిక్కు నుంచేనా, రెండు దిక్కుల నుంచా? తెగితే ఎన్ని గంటలల్ల అతుకుతరు, ఆ గంటలు ఎవరు లెక్క వెడ్తరు?

నాలుగు, నెట్‌వర్క్ ఎన్నిసార్లు ఆగిందో, దాంతోని ఎందరి హాజరు, ఎందరి రేషన్ ఆగిందో ఊరి బోర్డు మీద రాస్తరా? లెక్క మన మీదనే కాదు, మిషిన్ మీద కూడ ఉండాలె.

వీటిల ఏ ఒక్కదానికీ కొత్త ఉపగ్రహం అక్కరలేదు. చెయ్యి సిగ్నల్‌కు బరువు కట్టినోళ్ల బుద్ధి ఉంటే చాలు.

మా అమ్మ ప్రశ్నకు ఇప్పుడు నా కాడ జవాబున్నది. ఫొటో పోకపోయినా, తీసిన మన్ను మళ్ల చెరువుల వడదమ్మా. కట్ట అవతల కుప్పవోసి ఉన్నది, ఎవరైనా వచ్చి కొలుచుకోవచ్చు. నీ కూలి కూడ అట్లనే ఉండాలె.